చేతి డబ్బు పడకుండా వాచీ మార్పిడి: లాభమేనా?

ప్రశ్న: 2019లో ప్రమోషన్ వచ్చినప్పుడు రోలెక్స్ సబ్‌మెరీనర్ కొనుక్కున్నాను, తేదీ చూపించని రకం. గీతలు పడతాయన్న భయంతో ఏడాదికి నాలుగైదుసార్లకు మించి పెట్టుకోను. మిగతా రోజులు లాకర్లోనే ఉంటుంది. ఒమేగా స్పీడ్‌మాస్టర్ మీద చాలాకాలంగా మనసుంది. ఒక దుకాణంవాళ్లు నా వాచీ తీసుకుని కొత్త స్పీడ్‌మాస్టర్ ఇస్తామని, పైగా కొంత డబ్బు చేతికిస్తామని అంటున్నారు. ఈ వారంలోనే తేల్చమంటున్నారు. రోలెక్స్ అంటే పెట్టుబడి, వదులుకోవద్దని మిత్రులు చెబుతున్నారు. క్రెడిట్ కార్డు మీద కొంత బాకీ కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ దుకాణంలో ఎక్స్ఛేంజ్ మాత్రం చేయకండి. వాచీ అమ్మాలా వద్దా అన్నది వేరే సంగతి, దానికి నేను అడ్డు చెప్పను.

మీకు వచ్చిన ఆఫర్లో నిజానికి రెండు బేరాలున్నాయి. మీ వాచీని వాళ్లకు అమ్మడం ఒకటి, వాళ్ల వాచీని మీరు కొనడం రెండోది. రెండూ ఒకే మాటలో కలిపేసరికి ఏ బేరంలో ఎంత పోతోందో కనపడదు. జేబులోంచి ఏమీ తీయకపోగా ఎదురు డబ్బు వస్తుంటే నష్టం ఉందన్న అనుమానమే రాదు. లెక్క తేలిగ్గా ఉండటానికి అంకెలు ఊహించి చెబుతాను. మీ సబ్‌మెరీనర్‌ను మీరే నేరుగా మరొకరికి అమ్మితే 100 వస్తాయనుకుందాం. దుకాణం దానికి 75 కడుతుంది, ఎందుకంటే దాన్ని పరీక్షించి, శుభ్రం చేసి, గ్యారంటీ ఇచ్చి, లాభం వేసుకుని అమ్ముకోవాలి. వాళ్ల కొత్త స్పీడ్‌మాస్టర్ ధర 65. తేడా 10 మీ చేతిలో పెడతారు. అదే స్పీడ్‌మాస్టర్ ఒకరు కొంతకాలం వాడింది, మంచి స్థితిలో ఉన్నది 50కి దొరుకుతుందనుకోండి. మీ వాచీ 95కే పోయినా సరే, 50 పెట్టి అది కొనుక్కుంటే మీ దగ్గర 45 మిగులుతాయి. ఒక దారిలో 10, ఇంకో దారిలో 45, చేతికి మాత్రం అదే రకం వాచీ. మీ అసలు అంకెలు వేరుగా ఉండొచ్చు. అందుకే మీ వాచీకి ఎంత కడుతున్నారు, కొత్తదానికి ఎంత వేస్తున్నారు అన్నది విడివిడిగా కాగితం మీద రాసిమ్మని అడగండి. రాసివ్వడానికి వెనకాడితే అక్కడితో లేచి వచ్చేయండి.

మిత్రులు చెప్పే పెట్టుబడి మాట గురించి. వాచీ వడ్డీ ఇవ్వదు, అద్దె ఇవ్వదు, పైగా కొన్నేళ్లకోసారి సర్వీసింగ్ ఖర్చు అడుగుతుంది. 2022 మొదట్లో సెకండ్ హ్యాండ్ మార్కెట్లో రోలెక్స్ ధరలు ఆకాశానికి వెళ్లి, ఆ తర్వాత బాగా దిగొచ్చాయి. శిఖరం మీద కొన్నవాళ్లు అదీ పెట్టుబడే అనుకున్నారు. అయితే మిత్రుల మాటలో ఒక నిజముంది. మీది 40 మిల్లీమీటర్ల రకం. 2020లో రోలెక్స్ దాన్ని ఆపేసి 41 మిల్లీమీటర్లది తెచ్చింది. అమ్మేశాక మనసు మారితే అదే వాచీ మళ్లీ కొత్తది దొరకదు, సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవాల్సిందే.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది గీతల భయం. స్పీడ్‌మాస్టర్ కూడా ఖరీదైనదే కదా, కొత్తది డబ్బాలోంచి తీసి పెట్టుకున్న రోజు ఆ భయం ఎక్కడికి పోతుంది? మీ వాచీ 300 మీటర్ల లోతు నీళ్లు తట్టుకునేలా చేసింది, అద్దం సులువుగా గీతలు పడని సఫైర్, చుట్టూ ఉన్న రింగు సిరామిక్. స్పీడ్‌మాస్టర్‌లో మూన్‌వాచ్ అనే రకం, చేత్తో కీ ఇచ్చేది, తట్టుకునేది 50 మీటర్లు. అందులో ప్లెక్సీ (ఒక రకం ప్లాస్టిక్) అద్దం ఉన్నది తీసుకుంటే తలుపు గొళ్లేనికి రాసుకున్నా గీత పడుతుంది. (పాలిష్ పేస్టుతో రుద్దితే పోతుందనుకోండి.) అంటే రెండింటిలో గట్టిదాన్నే మీరు లాకర్లో దాచారు. మరో విషయం, స్టాప్‌వాచ్ ఉన్న యంత్రం కాబట్టి దాని సర్వీసింగ్ మామూలు మూడు ముళ్ల వాచీ కంటే ఖరీదు.

ఇవన్నీ చెప్పినా స్పీడ్‌మాస్టర్ కోరికను నేను తక్కువ చేయను. 1969లో చంద్రుడి మీద ఆల్డ్రిన్ చేతికున్న వాచీ వంశం అది. నేనూ రోజూ చేత్తో కీ ఇచ్చే వాచీనే పెట్టుకుంటాను. పొద్దున్నే వాచీ పక్కనున్న కీ తిప్పుతుంటే వేళ్ల కింద చక్రం పళ్లు ఒక్కొక్కటే దాటడం, చివర్లో స్ప్రింగు నిండి ఇక తిరగనని ఆగిపోవడం, ఆ అర నిమిషం నాకు చాలా ఇష్టం. అది మీకూ నచ్చుతుందో విసుగనిపిస్తుందో దుకాణంలో నిలబడి తిప్పి చూస్తేనే తెలుస్తుంది.

కాబట్టి ఈ వారం గడువును వదిలేయండి. సబ్‌మెరీనర్ రోజూ అదే పనిగా లాకర్లో ఉండటం మాని రేపటి నుంచి రెండు నెలలు రోజూ మీ చేతికి ఉండాలి, ఆఫీసుకూ మార్కెట్‌కూ కూడా. ముందు ఇన్సూరెన్స్ ఉందో లేదో చూసుకోండి. రెండు నెలల తర్వాత అది చేతికి అలవాటైపోతే మార్పిడి ఆలోచన దానంతటదే చల్లబడుతుంది. అప్పటికీ మనసు స్పీడ్‌మాస్టర్ మీదే ఉంటే, నిశ్చింతగా అమ్మండి. ఇద్దరు ముగ్గురు డీలర్ల దగ్గర ధర కనుక్కుని, వీలైతే నేరుగా కొనేవారికే అమ్మండి. కొనేది మాత్రం వాడినదే కొనండి. మొదటి గీత ఎవరో పెట్టేసి ఉంటారు, మీకు ఆ భయమూ ఉండదు.

మీరు చివర్లో ఒక్క ముక్కలో దాటేసిన కార్డు బాకీ నాకు వాచీల కంటే ముఖ్యం. అమ్మకంలో మిగిలిన డబ్బు మొదట అక్కడికే వెళ్లాలి. కార్డు మీద కట్టే వడ్డీని ఏ వాచీ ధర పెరుగుదలా నమ్మకంగా దాటలేదు. ఆ బాకీ పెద్దదైతే రెండు నెలలు ఆగాలన్న నా మాట కూడా మరిచిపోండి, ముందు అమ్మి బాకీ తీర్చండి. స్పీడ్‌మాస్టర్ తర్వాత కొనుక్కోవచ్చు. అమ్మితే వచ్చే లాభం మీద పన్ను పడుతుందో లేదో మీ దేశం నిబంధనలు ఒకసారి చూసుకోండి.

వాచీని అమ్మకానికి పెట్టేముందు పాలిష్ చేయించకండి. కొనేవాళ్లకు పదునైన అసలు అంచులే కావాలి. బిల్లు, వారంటీ కార్డు, డబ్బా ఒకచోట పెట్టుకోండి. కొన్న రోజు మీ మణికట్టుకు సరిపోయేలా చైనులోంచి తీసిన లింకులు ఏదో డ్రాయరులో పడి ఉంటాయి, వాటిని కూడా ఇవాళే వెతకండి. అవి లేకపోతే ధర తగ్గించేస్తారు.