సివిల్, ఆర్కిటెక్చర్ ఒకటి కాదు తమ్ముడూ

ఎంపీసీ రెండో ఏడాదిలో ఉన్నావు, పర్యావరణానికి భారం కాని ఇళ్లు కట్టాలని ఉంది, నాన్నగారేమో సివిల్ చదివినా అదేగా అంటున్నారు. అదే కాదు. స్లాబు నిలుస్తుందా అని లెక్క కట్టేది సివిల్ వాళ్లు. గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోవాలో చూసేది ఆర్కిటెక్ట్. నీకు కావాల్సింది రెండోది.

ఆర్కిటెక్చర్ డిగ్రీ, అంటే బీఆర్క్, ఐదేళ్లు. విజయవాడ ఎస్‌పీఏకి (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) జేఈఈ మెయిన్ పేపర్ 2 రాయాలి. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూకి (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) నాటా అనే ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష స్కోరు పనికొస్తుంది. బొమ్మలు రావన్నావు, రోజూ వంటింట్లో బిందెనో కుర్చీనో చూసి అరగంట గీయి, వస్తాయి.

ఈలోగా తక్కువ ఖర్చు ఇళ్లకు పేరుపడ్డ ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో కట్టిన ర్యాట్ ట్రాప్ గోడ చూడు. ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచుమీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదులుతారు. మందం దాదాపు అదే తొమ్మిది అంగుళాలు, ఇటుకలు మాత్రం పావు వంతు దాకా మిగులుతాయి. పైగా ఆ ఖాళీలోని గాలి ఎండ వేడిని తొందరగా లోపలికి రానివ్వదు. ఓ ఇరవై ఇటుకలు తెచ్చి పెరట్లో ఊరికే పేర్చి చూడు, సిమెంటు అక్కర్లేదు. నాన్నగారినీ పిలువు.

ఒక్కటి ముందే చెబుతున్నా: మొదటి రెండు మూడేళ్ల జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుల ముందు చెప్పుకునేలా ఉండకపోవచ్చు.