తాబేలు డిప్పతో మొదలుపెట్టు

అమ్మాయీ,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది మనసులోంచి పోవడం లేదు. పదో తరగతి పిల్లాడు లేచి "మనల్ని దేవుడు చేశాడా, కోతి నుంచి వచ్చామా టీచర్?" అని అడిగితే, సిలబస్‌లో లేదని కూర్చోబెట్టేశానన్నావు. నిజమే, 2023లో కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం, అంటే జీవులు తరతరాలుగా మారుతూ వచ్చిన సంగతి, తీసేసింది. కానీ ఇంటర్‌లో బైపీసీ తీసుకోని పిల్లలకి ఇక ఆ సంగతి ఎవరు చెబుతారు? ఒక పీరియడ్ దీనికి కేటాయించు.

ముందు కోతి సంగతి తేల్చు. నువ్వు మా అబ్బాయికి పుట్టలేదు, మీ ఇద్దరికీ తాతయ్య ఒకరే. మనకీ చింపాంజీకీ ఉన్న చుట్టరికం అలాంటిదే. దారులు చీలి సుమారు 60, 70 లక్షల ఏళ్లయింది.

తర్వాత తాబేలు. శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లని చూడని పిల్లాడు మీ బడిలో ఉండడు. వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చిన సముద్రపు తాబేళ్లు మన ఒడ్డుకి కొట్టుకొస్తుంటాయి కదా, ఎండిన డిప్ప కనిపిస్తే లోపలివైపు చూడమను. ఇంటికి మాత్రం తేవద్దను. వెన్నెముక, పక్కటెముకలు డిప్పలోనే కలిసిపోయి ఉంటాయి. అది తాబేలు దూరిన ఇల్లు కాదు, దాని ఒంటి ఎముకలే. చైనాలో దొరికిన 22 కోట్ల ఏళ్ల నాటి శిలాజాన్ని 2008లో వెల్లడించారు. పేరు ఓడొంటోకెలిస్. పొట్ట కింది డిప్ప పూర్తిగా ఉంది, వీపు మీద లేదు. పక్కటెముకలు అప్పటికే వెడల్పయ్యాయి. నోట్లో పళ్లు కూడా ఉన్నాయి! ఆ బొమ్మ గీసి కాసేపు ఊరుకో, పిల్లల్ని చూడనీ.

దశావతారాలూ ఇదే కదా అని ఎవరో ఒకరు అంటారు. వినడానికి బాగుంటుంది గానీ ఒప్పుకోకు. తాబేలు నుంచి పంది రాలేదు. అవతారానికి ఒక ఉద్దేశం ఉంటుంది, పరిణామానికి ఉండదు. పుట్టుకతో వచ్చిన తేడాల్లో బతకడానికి పనికొచ్చినవి తరతరాలకీ నిలుస్తాయి, అంతే. అలాగని సృష్టి కూడా ఒక సిద్ధాంతమేనని రాజీ పడకు. కుందేళ్లు పుట్టకముందటి, 50 కోట్ల ఏళ్ల నాటి రాతిలో కుందేలు ఎముక దొరికితే పరిణామం గురించి మనం చెప్పేది తప్పయిపోతుంది. ఇంతవరకు దొరకలేదు. సృష్టి కథని అలా పరీక్షకి పెట్టలేం.

కానీ ఏ పిల్లాడి దేవుణ్నీ కించపరచకు. టీచర్ ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను, దేవుడు ఆదాము పక్కటెముకతో హవ్వని చేశాడన్న బైబిల్ కథని నమ్మే ఒక అమ్మాయిని "ఆదాము పక్కటెముక నువ్వు చూశావా?" అని అందరి ముందూ అడిగాను. క్లాసంతా నవ్వింది. ఆ ఏడాదంతా ఆ పిల్ల నా క్లాసులో తలెత్తలేదు. పరీక్షలో జవాబు సరిగ్గానే రాసింది, నేను మార్కులూ వేశాను. కానీ తను నమ్మి రాసిందో, నాకు భయపడి రాసిందో ఈనాటికీ తెలియదు. పరిణామం ఊహ స్థాయి దాటిందని 1996లో పోప్ రెండవ జాన్ పాల్ అన్నారు. ఆ మాట అప్పుడు ఆ పిల్లకి చెప్పే ఓపిక నాకు ఉండాల్సింది.

సోమవారం ముందుగా ఆ పిల్లాణ్ని లేపు. మంచి ప్రశ్న అడిగావని, ఆ రోజు కూర్చోబెట్టడం నా తప్పని అందరి ముందూ చెప్పు. ఆ తర్వాతే బోర్డు మీద తాబేలు గియ్యి.

పెదనాన్న
శ్రీకాకుళం