కాంటెస్టు కోసం బంగారం తాకట్టు పెట్టొద్దు, ముందు డాబా మీద తీగ కట్టండి

రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు రాశారు. వయసు 33, ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చే జీతం 52 వేలు. భార్య, ఐదేళ్ల పాప, తల్లి ఆయన మీదే ఆధారం. సొంత డాబా ఇల్లు, దాని మీద హోమ్ లోన్ ఈఎంఐ 14,500. బ్యాంకులో 1.4 లక్షల ఎఫ్‌డీ, పాప పేరున నెలకు 5 వేల సిప్, టర్మ్ పాలసీ లేదు. పోయినేడాది హామ్ రేడియో (సొంత రేడియోతో దూరదేశాల వాళ్లతో మాట్లాడే సరదా) లైసెన్సు వచ్చింది, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్, అంటే మొదటి మెట్టు. స్నేహితుడి స్టేషన్లో కూర్చుని కాంటెస్టుల రుచి మరిగారు, అంటే నిర్ణీత సమయంలో వీలైనన్ని స్టేషన్లతో మాట్లాడి పాయింట్లు సంపాదించే పోటీలు. అక్టోబరులో జరిగే సీక్యూ వరల్డ్ వైడ్ కాంటెస్టు నాటికి సొంత స్టేషన్ ఉండాలని కోరిక. లెక్క కూడా పంపారు: కొత్త ట్రాన్సీవర్ (పంపడానికీ వినడానికీ వాడే రేడియో సెట్టు) 1.30 లక్షలు, హెక్స్‌బీమ్ యాంటెనా (ఒక దిక్కుకి గురిపెట్టేది) 45 వేలు, చిన్న టవరు, రొటేటరు (యాంటెనాని తిప్పే మోటారు) కలిపి 60 వేలు, కొత్త ల్యాప్‌టాప్ 45 వేలు, పవర్ సప్లై, కేబుళ్లు 20 వేలు. మొత్తం 3 లక్షలు. పర్సనల్ లోన్ 14 శాతానికి వస్తుందట, లేదంటే భార్య బంగారం ఉంది. "సూర్యచక్రం దిగిపోతోంది, ఇప్పుడు కొనకపోతే మళ్లీ పదేళ్లు ఆగాలి, నెలకు పది వేలు కట్టగలను, ఏం చేయమంటారు?" అని అడిగారు. (సూర్యుడి మీద మచ్చలు దాదాపు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతాయి, అవి ఎక్కువున్నప్పుడు రేడియో సిగ్నల్ బాగా దూరం వెళుతుంది. సూర్యచక్రం అంటే అదే.)

అండీ, సూటిగా చెప్పేస్తాను. బంగారం ముట్టుకోవద్దు, పర్సనల్ లోన్ కూడా వద్దు. కాంటెస్టులో మాత్రం ఈ అక్టోబరులోనే పాల్గొనండి.

3 లక్షలు, 14 శాతం, మూడేళ్లు అంటే ఈఎంఐ దాదాపు 10,250. మూడేళ్లలో మీరు కట్టేది 3.69 లక్షలు, అంటే వడ్డీయే 69 వేలు. ఆ 69 వేలు గాల్లో కలిసిపోయే డబ్బు, దానితో మీ సిగ్నల్ ఒక్క పిసరు కూడా పెరగదు. మీ ఇంట్లో సంపాదించేది మీరొక్కరే, టర్మ్ పాలసీ లేదు, ఉన్న ఎఫ్‌డీ మూడు నెలల ఖర్చుకి సరిపోతుంది. రేపు ఉద్యోగంలో ఏదైనా తేడా వస్తే బ్యాంకు వాళ్లు మీ కాంటెస్టు స్కోరు అడగరు కదా. ఇక బంగారం సంగతి, అది మీ ఆవిడది. అడిగితే కాదనలేక ఇస్తారు, ఇచ్చాక మీరు హెడ్‌ఫోన్ పెట్టుకున్న ప్రతిసారీ ఆవిడకి అదే గుర్తొస్తుంది. ఇంట్లో వాళ్లు మనస్ఫూర్తిగా ఒప్పుకోకపోతే 48 గంటల కాంటెస్టు ప్రశాంతంగా చేయలేరు.

మీ సరదాని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ గారి బృందం అండమాన్‌లోనే ఉంది, ఫోన్లు పోయిన చోట వాళ్ల రేడియోలే కబుర్లు చేరవేశాయి. రెండేళ్ల కిందట నా క్లయింటు ఒకాయన పిలిస్తే ఈ కాంటెస్టు చూడ్డానికి నేనే వెళ్లాను. శనివారం పొద్దున సరిగ్గా 5:30కి మొదలైంది. డాబా మీద రేకుల గది, పాత ల్యాప్‌టాప్, పక్కన ఫ్లాస్కులో టీ. "ఫైవ్ నైన్ ట్వంటీ టూ", "ఫైవ్ నైన్ ట్వంటీ టూ" అని ఆయన అలసట లేకుండా చెబుతూనే ఉన్నారు. ఫైవ్ నైన్ అంటే మీ సిగ్నల్ బాగా వినిపిస్తోందని, ఆ 22 మన దేశం ఉన్న జోన్ నంబరట. స్క్రీన్ మీద నీలం రంగులో ఉన్నది కొత్త స్టేషన్, ఎరుపులో ఉన్నది కొత్త జోనో కొత్త దేశమో, బూడిద రంగులో ఉన్నది ఇదివరకే మాట్లాడేసినది. సాయంత్రం యూరప్ తెరుచుకున్నాక ఎరుపులు ఒక్కొక్కటే బూడిద రంగు అవుతుంటే ఆయన ముఖం చూడాలి.

ఆ గదిలో ఖరీదైన వస్తువు ఏదీ లేదు, నేను గమనించింది అదే. లాగింగ్‌కి, అంటే మాట్లాడిన స్టేషన్లను నమోదు చేయడానికి, వాడిన ఎన్‌వన్‌ఎంఎం లాగర్ ప్లస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ప్రపంచమంతా చాలామంది పోటీదారులు వాడేది అదే. దానికి కొత్త ల్యాప్‌టాప్ అక్కర్లేదు, మీ ఇంట్లో విండోస్ ఉన్న పాతది పనిచేస్తుంటే చాలు. మీ లెక్కలో 45 వేలు అక్కడికక్కడే పోయాయి.

ఇక రేడియో. మీరు చూస్తున్న సెట్టు 100 వాట్లది, మీ రిస్ట్రిక్టెడ్ గ్రేడుకి హెచ్‌ఎఫ్‌లో (దూరదేశాలకు వెళ్లే షార్ట్‌వేవ్ బ్యాండ్లలో) 50 వాట్లే పరిమితి. సగం పవరు వాడుకోవడానికి వీల్లేని సెట్టుకి అప్పు చేస్తున్నారు. పవరు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్, అవతలి వాళ్ల మీటరు మీద అర ఎస్ యూనిట్ (సిగ్నల్ బలం కొలిచే గీత). 100ని 400 చేస్తే ఒక్క ఎస్ యూనిట్. అదే తీగ అయిదు మీటర్ల ఎత్తు నుంచి పది మీటర్లకి వెళితే దూరదేశాలకు వచ్చే తేడా అంతకంటే బాగా తెలుస్తుంది, పైగా మీరు పంపేటప్పుడే కాదు, వినేటప్పుడు కూడా. కాబట్టి ఈ సరదాలో మొదటి రూపాయి యాంటెనాకి, రెండోది కేబుల్‌కి, రేడియో ఆ తర్వాతే.

20 మీటర్ల బ్యాండుకి (అంత తరంగదైర్ఘ్యం ఉన్న సిగ్నళ్లకి) డైపోల్, అంటే మధ్యలో కేబుల్ తగిలించే తీగ యాంటెనా, మొత్తం పది మీటర్ల రాగి తీగ, అటు అయిదు ఇటు అయిదు. తీగ ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది. ఈశాన్యం నుంచి నైరుతికి లాగి కట్టండి, అప్పుడు సిగ్నల్ వాయవ్యానికి బలంగా వెళుతుంది, మీ ఊరి నుంచి యూరప్ అటే. ఈ దిక్కు ఎందుకంటే కాంటెస్టులో వేరే ఖండానికి 3 పాయింట్లు, మన ఆసియాలోనే ఉన్న జపాన్‌కి 1, సొంత దేశానికి సున్నా. సాయంత్రాలు యూరప్ పట్టుకోవడమే మీ ఆదాయం అనుకోండి. ఒకే బ్యాండు మీద పోటీ చేసే విభాగం ఉంది, లైసెన్సు వచ్చి మూడేళ్లు నిండనివారికి రూకీ విభాగం ఉంది, అందులో మీ పోటీ మీలాంటి కొత్తవాళ్లతోనే. టవరు, రొటేటరు లేకపోయినా మీరు లెక్కలో ఉంటారు.

కేబుల్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. నేను చెప్పిన క్లయింటు ఆరు నెలలపాటు సెట్టే చెడిపోయిందనుకుని కొత్తది కొనడానికి డబ్బు కూడా పక్కన పెట్టుకున్నారు. చివరికి డాబా మీద కనెక్టరు విప్పితే లోపల రాగి అల్లిక నల్లగా, తడిగా ఉంది, వాన నీళ్లు దిగాయి. కొత్త కేబుల్ వేసి, కనెక్టరుకి నీళ్లు దిగకుండా టేపు చుట్టారు, సెట్టు కొనే డబ్బు అలాగే మిగిలింది.

సెట్టు విషయానికొస్తే, వాడినది కొనండి, లైసెన్సు ఉన్న హామ్ దగ్గరే కొనండి. మీ స్నేహితుణ్ని వెంట తీసుకెళ్లి డమ్మీ లోడ్ (యాంటెనా బదులు పవరుని మింగేసే పరికరం) పెట్టి ప్రతి బ్యాండులోనూ ఎంత పవరు వస్తుందో చూసుకుని, సీరియల్ నంబరుతో రసీదు రాయించుకోండి. విదేశాల నుంచి ఎవరితోనో తెప్పించుకుందాం అనే ఆలోచన ఉంటే కస్టమ్స్ సుంకం, అనుమతులు ముందే తేల్చుకోండి, ఎయిర్‌పోర్టులో తేలితే టెన్షన్. సొంతంగా సోల్డరింగ్ చేసే ఓపిక ఉంటే, హైదరాబాద్‌కి చెందిన అష్హర్ ఫర్హాన్ గారు తయారుచేసిన బిటెక్స్ రకం సెట్లు కూడా చూడండి. పవరు తక్కువే, కానీ 5 వాట్ల విభాగం కూడా కాంటెస్టులో ఉంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని 12 వోల్టుల బ్యాటరీ మీదే సెట్టు నడపొచ్చు, ఆ సమయానికి ఇన్వర్టర్ విడదీసి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టి. ఒకసారి ఇంటి మెయిన్ ఆపి బ్యాటరీ మీద విని చూడండి, మీ ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు ఎంత రొద చేస్తున్నాయో తెలుస్తుంది. ఆ రొద తగ్గించడానికి ఖర్చు దాదాపు ఏమీ ఉండదు.

సూర్యచక్రం గురించి మీ తొందర నాకు అర్థమైంది. 25వ చక్రం 2019 డిసెంబరులో మొదలైంది, గరిష్ఠ దశకు చేరిందని 2024 అక్టోబరులో నాసా, అమెరికా వాతావరణ సంస్థ నోవా ప్రకటించాయి. ఇక క్రమంగా దిగడమే. అయితే దిగేటప్పుడు ముందు నీరసపడేది 10 మీటర్లు, ఆ తర్వాత 15. మీరు తీగ కట్టబోయే 20 మీటర్లు, రాత్రిపూట 40 మీటర్లు చక్రం అడుగున ఉన్నా పనిచేస్తాయి. మీ లోన్ మూడేళ్లు నడుస్తుంది, అది తీరేసరికి చక్రం ఇంకా కిందకి వెళ్తుంది. తగ్గిపోయేదాని కోసం వడ్డీ కట్టడం నాకు సమ్మతం కాదు.

ఇప్పుడు డబ్బు. ఈఎంఐ పది వేలు కట్టగలనన్నారు కదా, అది ఈ నెల నుంచి మీకు మీరే కట్టుకోండి. అందులో వెయ్యికి అటూ ఇటూ కోటి రూపాయల టర్మ్ పాలసీకి, ఇది ముందు, రేడియో తర్వాత. 1,500 అత్యవసర నిధికి, ఎఫ్‌డీ కూడా అందులో భాగమే, అది విరగ్గొట్టొద్దు. మిగిలిన 7,500 రేడియో పేరుతో ఆర్‌డీ. ఇప్పుడే ఉగాది వెళ్లింది, సెప్టెంబరు చివరికి 45 వేలు అవుతాయి. యాంటెనా, కేబుల్, కనెక్టర్లకి 8 వేలు, సెట్టుకి 37 వేలు హద్దు. ఆ ధరలో మంచిది దొరక్కపోతే హద్దు పెంచొద్దు, ఆ వారాంతం స్నేహితుడి స్టేషన్లో ఇద్దరూ కలిసి మల్టీ ఆపరేటర్ విభాగంలో చేయండి, ఆర్‌డీ నడుస్తూనే ఉంటుంది. పాప సిప్ ఆపొద్దు. ఈలోగా పై మెట్టు అయిన జనరల్ గ్రేడ్ పరీక్షకి చదవండి, ఫీజు మీ లెక్కలో ఏ వస్తువుకన్నా చౌక.

ఇంకొకటి. తీగ డాబా మీదకి ఎక్కిందంటే పిడుగు సంగతి చూసుకోవాలి. ఉరుము వినిపిస్తే కేబుల్ సెట్టు నుంచి పీకి కిటికీ బయట పెట్టండి. భారత్ గృహ రక్ష లాంటి ఇంటి పాలసీలో పిడుగు నష్టం ఉంటుంది, కానీ మీ రేడియో, యాంటెనా అందులోకి వస్తాయా అని బీమా కంపెనీని రాతపూర్వకంగా అడిగి జవాబు దాచుకోండి.

కాంటెస్టు అయ్యాక అయిదు రోజుల్లో లాగ్ పంపేయాలి, ఆలస్యం చేయొద్దు. దానితోపాటు ఒక కాగితం మీద, వినిపించినా పట్టుకోలేకపోయిన స్టేషన్లు ఎన్ని, ఏ బ్యాండులో, ఏ టైములో అన్నది రాసిపెట్టండి. హెక్స్‌బీమ్‌కి డబ్బు పెట్టాలా వద్దా అన్నది ఆ కాగితం నాకు పంపాక మాట్లాడుకుందాం.