బెడ్, టిఫిన్ ఇచ్చినా అది జీతమే

ప్రశ్న: లాయర్ గారూ, నాకు 29 ఏళ్లు. మాది తణుకు. హైదరాబాద్‌లో ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి ఈమధ్యే మానేశాను. ఒక ఆరు నెలలు దేశాలు తిరగాలని ఉంది. అన్నాళ్లు హోటళ్లలో ఉండేంత డబ్బు లేదు. అందుకే బ్యాక్‌ప్యాకర్ హాస్టళ్లలో (తక్కువ ఖర్చుతో తిరిగేవాళ్లకు బెడ్లు అద్దెకిచ్చే చోట్లు) వాలంటీరుగా చేద్దామనుకుంటున్నాను. రోజుకు 5 గంటలు, వారానికి 5 రోజులు రిసెప్షన్‌లో కూర్చోవడం, దుప్పట్లు మార్చడం లాంటి పనులు చేస్తే బెడ్, టిఫిన్ ఉచితం. జీతం ఉండదు. థాయ్‌లాండ్, పోర్చుగల్, న్యూజీలాండ్, నేపాల్ హాస్టళ్లు రమ్మన్నాయి. జీతం లేదు కాబట్టి టూరిస్ట్ వీసా చాలని నా ఫ్రెండ్ అంటోంది. తను లిస్బన్‌లో రెండు నెలలు అలాగే ఉండి వచ్చింది. పోర్చుగల్ హాస్టల్ పంపిన మెసేజ్ జత చేస్తున్నాను. హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీ అన్నీ తామే చూసుకుంటామని 45 వేలు అడిగి, 10 వేలు అడ్వాన్స్ తీసుకుంది. ఈ నాలుగింటిలో ఏ దేశం మేలు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీరు జత చేసిన మెసేజ్ సంగతి చూద్దాం. అందులో పని గంటలు రాశారు, బెడ్ రాశారు, టిఫిన్ రాశారు. చివర ఒక ముక్క కలిపారు: ‘ఇమ్మిగ్రేషన్‌లో అడిగితే మా హాస్టల్‌కి గెస్ట్‌గా వచ్చానని చెప్పండి.’ ఇది మామూలు వ్యవహారమే అయితే ఆ చివరి ముక్క ఎందుకు? తాము చేస్తున్నది చట్టం ఒప్పుకోని పని అని వాళ్లకు తెలుసు. పట్టుబడితే వెనక్కి వచ్చేది వాళ్లు కాదు, మీరు.

‘జీతం లేదు కాబట్టి ఉద్యోగం కాదు’ అన్న మాట వినడానికి బాగుంటుంది. కానీ చాలా దేశాల వీసా చట్టం బ్యాంకు ఖాతాలో ఎంత పడిందని చూడదు, చేసిన పనికి బదులుగా ఏం ముట్టిందని చూస్తుంది. న్యూజీలాండ్ ఇందులో డొంకతిరుగుడు లేకుండా రాసుకుంది. లాభం కోసమో ప్రతిఫలం కోసమో చేసేదంతా అక్కడ పనే. డబ్బుతో విలువ కట్టగలిగిన ఏ ప్రయోజనమైనా ప్రతిఫలమే. వాళ్లు ఇచ్చిన ఉదాహరణల్లో మొదటిదే బస, భోజనం. మీ ఆఫర్‌ను ముందర పెట్టుకుని రాశారా అన్నట్టుంటుంది. కాబట్టి విజిటర్ వీసా మీద న్యూజీలాండ్ హాస్టల్‌లో దుప్పటి మార్చినా అది వీసా షరతు తప్పడమే.

కెనడా ఇంకో దారిలో వెళ్తుంది. జీతం ముట్టకపోయినా, అక్కడి మనుషులకు దొరకాల్సిన పనికి నేరుగా పోటీ వస్తే చాలు, అది పనే. ఆస్ట్రేలియాలో అయితే మామూలుగా డబ్బిచ్చి చేయించుకునే పని ఏదైనా సరే పని కిందే లెక్క. బ్రిటన్ విజిటర్‌కు సేవ చేసే వీలు కొంత ఉంచింది. అయితే అది రిజిస్టరైన ధర్మసంస్థలో, మొత్తం మీద 30 రోజులకు మించకుండా చేయాలి. డబ్బు తీసుకుని గదులిచ్చే హాస్టల్ ధర్మసంస్థ కాదు కదా.

థాయ్‌లాండ్‌లో స్వచ్ఛంద సంస్థకు ఊరికే సేవ చేసేవాళ్లను కూడా వర్క్ పర్మిట్ అడుగుతారు. పర్మిట్ లేకుండా చేస్తే 5,000 నుంచి 50,000 భాత్‌ల దాకా జరిమానా వేసి దేశం నుంచి పంపించేస్తారు. ఆ తర్వాత రెండేళ్లు పర్మిట్‌కు దరఖాస్తు కూడా పెట్టుకోనివ్వరు. మీ లిస్టులో లేదు గానీ బాలీ ఊసు కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు, అందుకని చెబుతున్నా: ఇండోనేషియా 2011 ఇమ్మిగ్రేషన్ చట్టం ప్రకారం ఇచ్చిన వీసాను వేరే పనికి వాడితే ఐదేళ్ల దాకా జైలు, 50 కోట్ల రూపాయా దాకా జరిమానా వేయొచ్చు. రూపాయా అంటే వాళ్ల కరెన్సీ లెండి, మన రూపాయి కాదు. చాలాసార్లు డిపోర్ట్ చేసి వదిలేస్తారు. అయినా ఆ సెక్షన్ ఉందని తెలిసి వెళ్లడం వేరు, తెలియక వెళ్లడం వేరు.

ఇక పోర్చుగల్. మీకు వచ్చేది షెంగెన్, అంటే యూరప్‌లో చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షార్ట్ స్టే వీసా, 180 రోజుల్లో 90 రోజులు. అది చూసి రావడానికి ఇచ్చేది. యూరప్‌లో వాలంటీర్లకు వేరే అనుమతి ఉన్నమాట నిజమే. 2016లో యూరోపియన్ యూనియన్ దానికి ఒక డైరెక్టివ్, అంటే సభ్య దేశాలు పాటించాల్సిన చట్టం తెచ్చింది. కానీ అది ప్రభుత్వమో యూనియనో గుర్తించిన, లాభాపేక్ష లేని సేవా పథకాలకు. లిస్బన్‌లో బెడ్లు అద్దెకిచ్చే వ్యాపారానికి అది అతకదు. అన్నట్టు, ఒక దేశం మీ మీద రాకూడదని నిషేధం పెట్టి ఉమ్మడి రికార్డులో ఎక్కిస్తే 29 షెంగెన్ దేశాల గేట్లూ ఒకేసారి మూతపడతాయి.

మీ ఫ్రెండ్‌కు ఏం కాలేదంటున్నారు. ఒప్పుకుంటాను, చాలామందికి ఏం కాదు. హెల్మెట్ లేకుండా తిరిగేవాళ్లలో కూడా చాలామంది క్షేమంగానే ఇంటికి చేరతారు. నా దగ్గరకు వచ్చేది చేరనివాళ్లు. ఒక అమ్మాయి కేసు చెబుతాను, ఊరూ పేరూ వద్దు. యూరప్‌లో ఒక ఎయిర్‌పోర్టులో ‘ఎక్కడ ఉంటావు’ అని అడిగితే హాస్టల్ పేరు చెప్పింది. ‘బుకింగ్ చూపించు’ అన్నాడు ఆఫీసర్. మూడు వారాలు ఉంటానంటోంది, ఒక్క రోజుకు కూడా డబ్బు కట్టిన ఆధారం లేదు. ఉండదు, వాలంటీరు బెడ్‌కు బుకింగ్ ఎక్కడిది? ఆయన అక్కడికక్కడే హాస్టల్‌కి ఫోన్ చేశాడు. అవతల ఎత్తినవాడు పాపం ఆనందంగా, ‘ఔను, మా కొత్త వాలంటీరు, రేపటి నుంచి షిఫ్ట్’ అన్నాడు. తర్వాతి విమానంలో ఎక్కించి పంపేశారు. టికెట్ డబ్బు పోయింది, అది పెద్ద సంగతి కాదు. ఇప్పుడు బ్రిటన్‌కో కెనడాకో దరఖాస్తు పెట్టుకున్న ప్రతిసారీ ‘ఏ దేశమైనా మిమ్మల్ని రానివ్వకుండా వెనక్కి పంపిందా’ అన్న గడిలో ఔనని రాయాలి. లేదని రాస్తే ఇంకా పెద్ద చిక్కు. వీసా కోసం అబద్ధం చెప్పినట్టు తేలితే కెనడా ఐదేళ్లు, బ్రిటన్ పదేళ్లు తలుపు మూస్తాయి. అమెరికా అయితే ప్రత్యేకంగా మినహాయింపు దొరికితే తప్ప జీవితాంతం రానివ్వదు. మీది సాఫ్ట్‌వేర్ అన్నారు. రేపు కంపెనీ పని మీద అమెరికా వెళ్లాల్సి వస్తే? మూడు వారాల బెడ్ కోసం అంత పెట్టుబడి నాకైతే దండగనిపిస్తోంది.

మరి ఏ దేశం? మీ నాలుగింటిలో నేపాల్. 1950 జూలై 31న రెండు దేశాలూ చేసుకున్న శాంతి, స్నేహ ఒప్పందంలో ఏడో అధికరణ చూడండి. ఒక దేశం పౌరులు రెండో దేశంలో నివాసం, ఆస్తి, వ్యాపార వాణిజ్యాలు, రాకపోకల విషయంలో సమాన సౌకర్యాలు పొందుతారని ఉంది. మనకు వీసాయే అక్కర్లేదు కాబట్టి వీసా షరతు తప్పారన్న మాటే పుట్టదు. న్యూజీలాండ్ వాళ్లకు నేపాల్‌లో లేని వెసులుబాటు మీకుంది. మన పాస్‌పోర్టుకు ఇలాంటి అదృష్టం అరుదు, వాడుకోండి. విమానంలో వెళ్తే పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి, మీ వయసువాళ్లకు ఆధార్ చెల్లదు. తీరిగ్గా వెళ్లాలనుకుంటే విజయవాడలో రప్తిసాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి గోరఖ్‌పూర్‌లో దిగితే సునౌలి సరిహద్దు దగ్గరే. పోఖరా లేక్‌సైడ్‌లోనూ ఖాట్మండు థమేల్‌లోనూ హాస్టళ్లకు కొదవలేదు. అయినా నోటిమాట మీద చేరకండి. గంటలు, సెలవు రోజు, బెడ్ ఏ డార్మ్‌లో (పలువురు కలిసి పడుకునే గది), మధ్యలో మానేస్తే ఎన్ని రోజులు ముందు చెప్పాలి, ఇవన్నీ ఒక కాగితం మీద సంతకంతో తీసుకోండి. ఆడపిల్లలకు విడిగా డార్మ్ ఉందో లేదో కూడా అందులోనే రాయించుకోండి.

మీ లిస్టులో లేని రెండు దారులు చెబుతాను, మీ వయసు 29 కాబట్టి. రెండూ 18 నుంచి 30 ఏళ్ల వాళ్లకే, 31 నిండితే దరఖాస్తుకు వీలుండదు.

ఒకటి ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసా, సబ్‌క్లాస్ 462. మన దేశానికి 2024 అక్టోబర్‌లో మొదలైంది. ఏడాదికి వెయ్యి మందికే, అదీ లాటరీలో. రిజిస్ట్రేషన్‌కు 25 ఆస్ట్రేలియా డాలర్లు. పేరు వస్తే ఇంగ్లిష్ పరీక్ష, చదువు కాగితాలు, సుమారు 5,000 డాలర్ల నిల్వ చూపించాలి. రెండోది బ్రిటన్ యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్. ఏడాదికి 3,000 మంది, రెండేళ్లు ఉండొచ్చు, డిగ్రీ కావాలి, ఖాతాలో 2,530 పౌండ్లు ఉండాలి. లాటరీలో పేరు వేయడం ఉచితం గానీ, వచ్చాక హెల్త్ సర్‌చార్జే ఏడాదికి 776 పౌండ్లు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఈ వీసాలు చేతికొస్తే వాలంటీరుగా అసలు చేయకండి. పని చేసే హక్కు ఉన్నప్పుడు జీతం అడిగే హక్కూ ఉంటుంది. ఆస్ట్రేలియాలో 2025 జూలై నుంచి కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు. వారానికి మీ 25 గంటలకు 623 డాలర్ల పైమాటే. డార్మ్‌లో బెడ్ అద్దె, ఇడ్లీ లేని ఆ టిఫిన్ ఖర్చు కలిపినా మామూలుగా అంత కాదు. జీతం తీసుకుని బెడ్‌కు మీరే కట్టుకోండి. 462 మీద ఒకే యజమాని దగ్గర సాధారణంగా ఆరు నెలలకు మించి చేయకూడదన్నది మాత్రం గుర్తుంచుకోండి.

థాయ్‌లాండ్, పోర్చుగల్ చూడాలని ఉంటే నిక్షేపంగా వెళ్లండి. టూరిస్ట్‌గా వెళ్లి, బెడ్‌కు డబ్బు కట్టి, తిరిగి రండి. ఆరు నెలల ప్రయాణం రెండు నెలలవుతుంది, అంతే. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు మినహాయింపుల పేజీ చదవండి. పని చేస్తూ తగిలిన దెబ్బకు క్లెయిమ్ రాదని చాలా పాలసీల్లో ఉంటుంది.

చివరిగా ఆ ఏజెన్సీ. ఇది నన్ను మిగతావాటికంటే ఎక్కువ కలవరపెట్టింది. విదేశంలో పనికి మనుషుల్ని కుదిర్చి పంపాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ‘మాది వాలంటీర్ ప్లేస్‌మెంట్, ఉద్యోగం కాదు’ అంటారు వాళ్లు. అదే చట్టం ‘పని’కి ఇచ్చిన నిర్వచనంలో హోటల్, రెస్టారెంట్, టీ దుకాణం లాంటి చోట్ల చేసే సేవ కూడా ఉందని చెప్పండి. రిజిస్టరైన ఏజెంటు సైతం సర్వీస్ చార్జీ కింద 30 వేలు, దాని మీద జీఎస్టీ దాటి తీసుకోకూడదు. వీళ్లు అడిగింది 45 వేలు. రిజిస్ట్రేషన్ నంబరు అడిగి విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూడండి. కనిపించకపోతే ఇంకో రూపాయి కూడా ఇవ్వకండి, పాస్‌పోర్టు అసలే చేతిలో పెట్టకండి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు మీరు చదివే ఉంటారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి వెళ్లిన మన కుర్రాళ్లను అక్కడ సైబర్ మోసాలు చేయించడానికి కూర్చోబెట్టారు. మీ ఏజెన్సీ అలాంటిదని నేననడం లేదు. నంబరు లేని ఏజెంటుకు డబ్బిస్తే అడిగే దిక్కుండదు, అదీ నా భయం.

ఇచ్చిన 10 వేలు తిరిగి ఇమ్మని ముందు ఈమెయిల్ పెట్టండి, పదిహేను రోజుల గడువివ్వండి. కదలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అప్పటికీ ఇవ్వకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయండి. ఏజెన్సీ హైదరాబాద్‌లో ఉన్నా 2019 చట్టం ప్రకారం మీరుండే చోటే వేసుకోవచ్చు. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు, రెండేళ్ల గడువుంది. రిజిస్ట్రేషన్ లేదని తేలితే హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయానికి కూడా ఒక ఫిర్యాదు పంపండి. డబ్బు ఫోన్‌పేలో పంపి ఉంటే ఆ స్క్రీన్‌షాట్, వాళ్ల వాట్సాప్ చాట్ ఈ రాత్రికే మీ మెయిల్‌కి పంపుకుని ఉంచండి. అడ్వాన్స్ వెనక్కి అడగ్గానే కొందరు చాట్‌లో మెసేజ్‌లు డిలీట్ చేసేస్తుంటారు.