నలుగురిలో మా బాబును ‘పిచ్చోడు’ అన్నారు... కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. ఆటిజం ఉంది. లిఫ్టు ఎక్కితే బటన్లన్నీ నొక్కేస్తాడు. మొన్న అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో, బాబు నా పక్కనే ఉండగా, పై ఫ్లోర్ ఆయన ‘‘ఈ పిచ్చోణ్ని ఇంట్లో కట్టేసుకోండి, లేదంటే ఏదైనా హోంలో పడేయండి’’ అన్నారు. అందరూ విన్నారు. రాత్రి అదే మాట వాట్సాప్ గ్రూపులోనూ పెట్టారు. మాకు సదరం సర్టిఫికెట్ ఇంకా రాలేదు. కేసు పెట్టొచ్చా? మావారేమో గొడవెందుకంటున్నారు.
– ఓ తల్లి, హైదరాబాద్

జవాబు: పెట్టొచ్చు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని సెక్షన్ 92(ఎ) ఇలాంటి మాటలకు వర్తిస్తుంది. దివ్యాంగులను కించపరచాలనే ఉద్దేశంతో, జనం చూస్తుండగా అవమానించినా బెదిరించినా కనీసం 6 నెలలు, గరిష్ఠంగా 5 ఏళ్ల జైలు, జరిమానా. ఆ ‘కనీసం 6 నెలలు’ సంగతి చాలామందికి తెలియదు. తెలిస్తే నోరు కాస్త అదుపులో ఉండేది.

సర్టిఫికెట్ గురించి టెన్షన్ పడకండి. 40 శాతం వైకల్యం అనే లెక్క పింఛను, రిజర్వేషన్ లాంటి వాటికే. ఈ సెక్షన్‌కు ఆ షరతు లేదు. ఆటిజం చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఒకటి. ప్రస్తుతానికి డాక్టరు రిపోర్టులు, థెరపీ కాగితాలు జత చేయండి. సర్టిఫికెట్ వచ్చాక దాన్నీ ఇవ్వొచ్చు.

అసలు పోరాటమంతా ‘ఉద్దేశం’ దగ్గరే. ‘‘లిఫ్టు పాడవుతోందన్న కోపంలో నోరు జారాను’’ అంటారు ఆయన. లిఫ్టు గురించి ఫిర్యాదు చేయడం తప్పు కాదు కూడా. కానీ కోపంలో అన్నమాటే అయితే రాత్రి తీరిగ్గా కూర్చుని మళ్లీ ఎందుకు టైప్ చేసినట్టు? మీ కేసుకు బలం ఆ మెసేజే. వాట్సాప్ గ్రూపు ‘జనం చూసే చోటు’ కిందికి వస్తుందా అని అవతలి లాయరు వాదిస్తారు, వాదించనివ్వండి. మీటింగ్‌లో అన్నదాన్ని ప్రధాన నేరంగా చూపించి, మెసేజ్‌ను ఉద్దేశానికి సాక్ష్యంగా వాడుకోవాలి.

కాబట్టి ఆ చాట్ డిలీట్ చేయొద్దు, ఫోన్ మార్చొద్దు. స్క్రీన్‌షాట్‌తో పాటు సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఆ ఎలక్ట్రానిక్ సాక్ష్యం అసలైనదేనని చెప్పే పత్రం) కావాలి, అది మీ లాయరు చూసుకుంటారు. ఆయన అన్న మాటలు అన్నవి అన్నట్టు, తేదీ, సమయం, విన్నవాళ్ల పేర్లతో ఈరోజే రాసి పెట్టుకోండి. ‘అసభ్యంగా మాట్లాడారు’ అని రాస్తే కేసు నిలవదు. మీటింగ్ హాల్లో కెమెరా ఉంటే ఫుటేజీ చెరిగిపోకముందే భద్రపరచమని సెక్రటరీకి రాతపూర్వకంగా అడగండి, మినిట్స్ పుస్తకంలో ఏం రాశారో కూడా చూడండి. ఈ మాట ఎవరూ లేని మీ ఇంటి నాలుగు గోడల మధ్య అని ఉంటే ఈ సెక్షన్ కింద గెలవడం కష్టమయ్యేది.

స్టేషన్‌లో ‘మీరూ మీరూ మాట్లాడుకోండమ్మా’ అని పంపించేస్తుంటారు. ఫిర్యాదులోనే సెక్షన్ నంబరు రాయండి. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టగలిగే నేరం. డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేయొచ్చు గానీ, మీ ఫిర్యాదు కాగితం ‘తీసుకోం’ అనడానికి వీల్లేదు. తీసుకోకపోతే డీసీపీకి పోస్టులో పంపండి, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ కోర్టు ఉంది. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకూ, పిల్లలకూ, దివ్యాంగులకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సాయం. ఫోన్ 15100.

మీవారి మాటా కొట్టిపారేయలేం. ఎఫ్‌ఐఆర్ అయ్యాక ‘రాజీపడ్డాం’ అని మీరే వెనక్కి తీసుకోలేరు, దాన్ని కొట్టేయించడానికి హైకోర్టుకు వెళ్లాల్సి వస్తుంది. ఆయన క్షమాపణ చెబితే చాలనుకుంటే ముందు లాయరు నోటీసు పంపండి, 15 రోజుల గడువు ఇవ్వండి. 5 ఏళ్ల దాకా శిక్ష ఉన్న నేరం కాబట్టి ఈ కొద్ది రోజుల ఆలస్యంతో కేసు పెట్టే హక్కు పోదు. క్షమాపణ చెవిలో చెప్పేది కాకూడదు. అదే గ్రూపులో, తర్వాతి మీటింగ్‌లో, మినిట్స్‌లో ఎక్కేలా చెప్పాలని నోటీసులోనే రాయించండి.