ఫోన్ మోగుతోంది సరే, ఏ గదిలో?

ప్రశ్న: చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చి నా ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి బాగానే వినిపిస్తుంది. ఇప్పుడు నాకు 46 ఏళ్ళు. ఇంట్లో సెల్ మోగితే ఏ గదిలో ఉందో తెలియక ఇల్లంతా తిరుగుతాను. రోడ్డు మీద ఎవరైనా పిలిస్తే అటు చూడబోయి ఇటు చూస్తాను. పిల్లలు నవ్వుతారు. "ఒక చెవి బాగుంది కదా, ఇంకేం ఇబ్బంది?" అని డాక్టరు కూడా అన్నారు. ఇదంతా నా భ్రమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: భ్రమ కాదమ్మా. ఆ డాక్టరును నేను తప్పు పట్టలేను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో నేనూ ఇదే మాట చెప్పి పంపేవాడిని. తర్వాత ఒకసారి నాకే చెవిలో చీము పట్టి, వారం రోజులు దూది పెట్టుకుని తిరగాల్సి వచ్చింది. మొదటి రోజు రాత్రే ఫోన్ మోగింది. లేచి హాల్లో, వంటింట్లో, చివరికి ఫ్రిజ్ మీద కూడా వెతికాను. తీరా చూస్తే నేను పడుకున్న దిండు కిందే ఉంది.

వినడానికి ఒక చెవి చాలు. ఎటు నుంచి వినిపిస్తోందో తెలియాలంటే రెండూ కావాలి. లోపల నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియా శబ్దం సన్నదా, బొంగురుదా అని విడదీస్తుందే గానీ దిక్కు సంగతి దానికి తెలియదు. దిక్కు మెదడు కట్టుకునే లెక్క. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. సరిగ్గా కుడి పక్కన ఎవరైనా చప్పట్లు కొడితే, ఆ శబ్దం తల చుట్టి ఎడమ చెవికి చేరడంలో జరిగే ఆలస్యం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. అందులో మూడింట రెండు వంతులు, అంతే. ఇక ఎదురుగా ఉన్న శబ్దం కాస్త పక్కకు జరిగిందనుకోండి, సెకనును లక్ష ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కంత తేడాను కూడా మెదడు పట్టేస్తుంది.

నమ్మబుద్ధి కాకపోతే మీ పిల్లలతో ఒక పని చేయించండి. తాపీమేస్త్రీలు లెవెల్ చూసే పైపు ఉంటుంది కదా, మీటరున్నర ముక్క చాలు. నీళ్ళు ఒంపేసి, సరిగ్గా మధ్యలో స్కెచ్ పెన్నుతో గీత పెట్టండి. ఒకరు కళ్ళు మూసుకుని రెండు కొసలనూ రెండు చెవులకు ఆనించుకోవాలి. లోపలికి దూర్చకూడదు. పైపు వీపు వెనక వేలాడాలి. ఇంకొకరు గీత దగ్గర పెన్నుతో మెల్లగా తట్టాలి. గీతకు సెంటీమీటరు పక్కన తడితే చాలు, ఏ పక్కో చెప్పేస్తారు. అక్కడ ఒక చెవికి దారి సెంటీమీటరు తగ్గింది, రెండో చెవికి సెంటీమీటరు పెరిగింది, అంతే తేడా. మా మనవరాలు అర సెంటీమీటరుకు కూడా తప్పు చెప్పలేదు. నేను ఒకటిన్నర దాటితే గానీ చెప్పలేకపోయాను. తర్వాత పైపు మీరు తీసుకోండి. ఎక్కడ తట్టినా మీకు కుడి చెవిలోనే వినిపిస్తుంది. ఆ తర్వాత పిల్లలు నవ్వుతారని నేననుకోను.

సన్నటి శబ్దాలకు ఇంకో దారి ఉంది. వాటికి తలే అడ్డుగోడ, కాబట్టి అవతలి చెవికి చిన్నగా వినిపిస్తాయి. బొంగురు శబ్దాలు తల చుట్టూ వంగి వెళ్ళిపోతాయి, వాటికి టైము తేడాయే ఆధారం. ఈ రెండు దారుల సంగతి 1907లో లార్డ్ రేలీ వివరించారు. ఆర్గాన్ వాయువును కనిపెట్టినందుకు అప్పటికే నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త ఆయన. అయితే రెంటికీ మధ్యలో పడే శబ్దాల దగ్గర ఏ లెక్కా సరిగా కుదరదు. బీరువా వెనక కీచురాయి ఎంత వెతికినా దొరకదు చూడండి, అందుకే. ఆ విషయంలో మీరూ మీ వారూ సమానమే.

సరిగ్గా ఎదురుగా ఉన్నా వెనకగా ఉన్నా శబ్దం రెండు చెవులకూ ఒకేసారి చేరుతుంది. అప్పుడు ఆదుకునేవి చెవి డొప్ప మడతలు. ఎటు నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి అవి శబ్దం తీరును కాస్త మారుస్తాయి. ఇది ఒక్క చెవితోనూ పనిచేస్తుంది గనక మీకూ కొంత మిగిలే ఉంది. ఫోన్ మోగుతుంటే పరుగెత్తకుండా ఒకచోట నిలబడి మెల్లగా చుట్టూ తిరగండి. ఎక్కడ బాగా గట్టిగా వినిపిస్తే అప్పుడు మీ కుడి పక్కన ఉన్నట్టు.

ఎడమ వైపు శబ్దాన్ని మైకుతో పట్టి కుడి చెవికి పంపే మిషన్లు ఉన్నాయి. ఎడమ పక్క కూర్చున్నవాళ్ళ మాట వినడానికి పనికొస్తాయి. దిక్కు మాత్రం తెలియదు, అంతా ఒకే చెవిలో పడుతుంది కనుక. డబ్బు కట్టేముందు కొన్నాళ్ళు పెట్టుకుని చూస్తానని అడగండి. ఉన్న కుడి చెవి ఎప్పుడైనా ఉన్నట్టుండి మందగిస్తే, జలుబేలే అని ఊరుకోవద్దు. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. మందు పనిచేసేది మొదటి కొద్ది రోజుల్లోనే.

స్కూటీ మీద వెళ్తే రెండు అద్దాలూ ఉండాల్సిందే, హారన్ ఎటు నుంచో నమ్ముకోవద్దు. పెళ్ళి భోజనాల్లో బంతికి ఎడమ చివర కూర్చోండి, మాట్లాడేవాళ్ళంతా కుడి వైపు ఉంటారు. కారులో మాత్రం స్టీరింగ్ మీ వారికే ఇచ్చి, మీరు పక్క సీట్లో కూర్చోండి. మన కార్లలో డ్రైవరు కుడి పక్కనే ఉంటాడు కాబట్టి ఆయన మాట మంచి చెవిలో పడుతుంది. రోడ్డు మీద మోత అంతా రెండో చెవికి.