లివర్ 17 సెంటీమీటర్లు ఉందట.. ప్రమాదమా?

ప్రశ్న: నా వయసు 43. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 81 కిలోలు, నడుము 40 అంగుళాలు. కొన్నాళ్లుగా కుడి డొక్కలో బరువుగా అనిపిస్తుంటే అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించాను. లివర్ 17.2 సెం.మీ. ఉందని, కొద్దిగా పెరిగిందని, గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని రాశారు. రక్తపరీక్షలో కాలేయ ఎంజైములు ఎస్‌జీపీటీ 68, ఎస్‌జీఓటీ 46, బిలిరుబిన్ 0.8, ప్లేట్‌లెట్లు 2.3 లక్షలు, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చాయి. శని, ఆదివారాల్లో మూడేసి పెగ్గులు తాగుతాను. రోజుకు నాలుగు టీలు తాగే అలవాటుంది. లివర్‌కు మంచిది కాదని ఎవరో అంటే కొలెస్ట్రాల్ మాత్ర ఆపేశాను. ఇంట్లోవాళ్లు పసరు మందు తాగిద్దామంటున్నారు. లివర్ పెరగడమంటే క్యాన్సరేనా? టానిక్‌తో తగ్గుతుందా?
- ఓ పాఠకుడు, నిజామాబాద్

సలహా: మీరు రాసిన వివరాల్లో క్యాన్సర్‌ను అనుమానించాల్సింది ఏమీ కనిపించడం లేదు. అలాగని రిపోర్టును బీరువాలో పెట్టి మరచిపోయే పరిస్థితీ కాదు. లివర్ పెరగడమనేది జ్వరం లాంటిది. అదే ఒక జబ్బు కాదు, లోపల ఏదో జరుగుతోందని చెప్పే గుర్తు మాత్రమే. జ్వరానికి కారణం ఏమిటో వెతికినట్టే దీనికీ కారణం వెతకాలి. మీ విషయంలో ఆ కారణం చాలావరకు మీ రిపోర్టులోనే ఉంది.

ముందు ఆ సెంటీమీటర్ల సంగతి చూద్దాం. పెద్దవాళ్లలో కాలేయం సుమారు 1.2 నుంచి 1.5 కిలోల బరువుంటుంది. కుడివైపు పక్కటెముకల చాటున ఒదిగి ఉంటుంది. స్కాన్‌లో పైనుంచి కిందికి కొలిచినప్పుడు 15, 16 సెంటీమీటర్లు దాటితే పెరిగిందని రాస్తారు. అయితే ఆ కొలత దర్జీ టేపుతో తీసినంత కచ్చితమైనది కాదు. మీరు ఊపిరి ఎంత బిగబట్టారు, స్కాన్ చేసే ప్రోబ్‌ను పొట్ట మీద ఏ కోణంలో పెట్టారు అన్నదాన్ని బట్టి అదే మనిషికి, అదే రోజు ఒక సెంటీమీటరు అటూ ఇటూ రావచ్చు. పొడగరులకు సహజంగానే కొంచెం ఎక్కువ వస్తుంది. కొందరికి, ముఖ్యంగా ఆడవాళ్లలో, కుడి భాగం నాలుకలా కిందికి సాగి ఉంటుంది. అది పుట్టుకతో వచ్చిన తీరే తప్ప జబ్బు కాదు. ఏళ్ల తరబడి పొగతాగి ఊపిరితిత్తులు ఉబ్బినవాళ్లలో అవి కాలేయాన్ని కిందికి నెడతాయి. పొట్ట మీద చెయ్యి వేసి చూస్తే పెరిగినట్టే తగులుతుంది, నిజానికి పెరిగి ఉండదు. అందుకే 16 వచ్చిందా, 17 వచ్చిందా అని కంగారుపడుతూ రెండు నెలలకోసారి స్కాన్ చేయించుకోవడం దండగ.

అంకె కంటే మీ రిపోర్టులో కింద ఉన్న నాలుగు వాక్యాలు ముఖ్యం. ప్లీహం, అంటే స్ప్లీన్, 12 సెంటీమీటర్ల లోపు ఉందా? కాలేయానికి రక్తం తెచ్చే పెద్ద సిర, అంటే పోర్టల్ వీన్, 13 మిల్లీమీటర్ల లోపు ఉందా? కాలేయంలో గడ్డలు ఉన్నట్టు, అంటే ఫోకల్ లీజన్ అని, ఏమైనా రాశారా? పొట్టలో నీరు ఉందని రాశారా? ఈ నాలుగింటికీ మంచి సమాధానాలే ఉంటే, 17.2 అనే అంకెను చూసి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

ఇక కాలేయం ఎందుకు పెరుగుతుంది? దారులు కొన్నే, జబ్బులు బోలెడు. మొదటిది, కణాల్లో కొవ్వు పేరుకోవడం. మన దగ్గర ఇప్పుడు ఎక్కువగా చూసేది ఇదే. రెండోది వాపు. హెపటైటిస్ వైరస్‌లు, మద్యం, కొన్ని మందులు ఈ పని చేస్తాయి. టైఫాయిడ్, మలేరియా, డెంగీ వంటి జ్వరాల్లోనూ కాలేయం కొన్నాళ్లు పెరిగి, జబ్బు తగ్గాక మామూలవుతుంది. మూడోది రక్తం నిలిచిపోవడం. గుండె కుడిభాగం బలహీనపడితే కాలేయం నుంచి పైకి పోవాల్సిన రక్తం వెనక్కి తన్ని అక్కడే నిలుస్తుంది. వీళ్లకు కాళ్లవాపు, ఆయాసం, మెడనరాలు ఉబ్బడం కూడా ఉంటాయి. లివర్ మందులతో వీళ్లకు ఒరిగేదేమీ లేదు, వైద్యం చేయాల్సింది గుండెకు. పైత్యనాళంలో రాయి అడ్డుపడి పైత్యరసం నిలిచిపోయినా కాలేయం పెరుగుతుంది. అప్పుడు కామెర్లు, దురద కనిపిస్తాయి. లుకేమియా, లింఫోమా వంటి రక్త క్యాన్సర్లు, మరోచోట పుట్టి కాలేయానికి పాకిన గడ్డలు, కాలేయంలోనే పుట్టే క్యాన్సర్ కూడా ఈ జాబితాలో ఉన్నాయి. పిల్లల్లో, యువకుల్లో అయితే ఒంట్లో రాగి పేరుకునే విల్సన్ జబ్బును, థలసీమియాను కూడా దృష్టిలో పెట్టుకోవాలి.

ఒక జబ్బు గురించి విడిగా చెప్పాలి. చలితో జ్వరం, కుడి డొక్కలో నొప్పి, ఊపిరి పీలిస్తే ఆ నొప్పి పెరగడం, కొన్నిసార్లు నొప్పి కుడి భుజానికి పాకడం.. ఇవి కాలేయంలో చీముగడ్డ లక్షణాలు. అమీబా వల్ల వచ్చే ఈ గడ్డ మన దేశంలో మద్యం, ముఖ్యంగా కల్లు తాగే మగవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. సకాలంలో గుర్తిస్తే మందులతోనే చాలావరకు తగ్గుతుంది, గడ్డ పెద్దదైతే సూదితో చీము తీస్తారు. ఫ్యాటీ లివరే కదా అని ఇంట్లో కూర్చుంటే పగిలి ప్రాణం మీదికి వస్తుంది. మీకు జ్వరం లేదు కాబట్టి ఇప్పుడు ఆ అనుమానం లేదు. తర్వాతెప్పుడైనా ఇలా వస్తే గుర్తుండాలని చెబుతున్నాను.

మీరు చెప్పిన బరువు విషయానికొస్తే, కాలేయం లోపల నొప్పి తెలిపే నరాలు ఉండవు. పైన కప్పి ఉన్న పల్చటి పొరకు మాత్రమే ఉంటాయి. హఠాత్తుగా ఉబ్బితే ఆ పొర సాగి నొప్పి పుడుతుంది. కొవ్వులా ఏళ్ల తరబడి మెల్లగా పేరుకుంటే డొక్కలో బరువు తప్ప ఏమీ తెలియదు, చాలామందికి అదీ ఉండదు. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాలేదనుకోవడం ఇక్కడే దెబ్బతీస్తుంది.

మరో మాట. కాలేయం చిన్నదైతే బాగుపడినట్టేనా? కాదు. జబ్బు ముదిరి సిర్రోసిస్‌కు దారితీస్తే కాలేయం మచ్చలు పడి, ముడుచుకుపోయి, మామూలు కంటే చిన్నదవుతుంది. పోయినసారి 17, ఈసారి 13, హమ్మయ్య అనుకున్నవాళ్లకు ఆ 13 అసలు ప్రమాదానికి గుర్తు కావచ్చు. కాబట్టి చూడాల్సింది పరిమాణాన్ని కాదు. ఒకటి కారణం, రెండు కాలేయం గట్టిపడటం మొదలైందా లేదా అన్నది.

ఆ గట్టిపడటాన్ని అంచనా వేయడానికి ఫిబ్-4 అనే చిన్న లెక్క ఉంది, మీ దగ్గరున్న అంకెలతోనే చేయొచ్చు. వయసును ఎస్‌జీఓటీతో హెచ్చించండి: 43ను 46తో హెచ్చిస్తే 1978. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని, ఎస్‌జీపీటీ వర్గమూలంతో హెచ్చించండి: 230ని 8.25తో హెచ్చిస్తే దాదాపు 1897. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.04 వస్తుంది. 1.3 కంటే తక్కువ వస్తే మచ్చలు ముదిరిన దశలో ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే లివర్ స్పెషలిస్టును కలవాల్సిందే. మధ్యలో ఉంటే, కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించాలి. అందులో 8 కిలోపాస్కల్స్ లోపు వస్తే నిశ్చింత. కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి, లేకపోతే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఇక ఈ ఫిబ్-4 లెక్క 35 ఏళ్ల లోపువాళ్లకు సరిగా పనిచేయదు. 65 దాటినవాళ్లకు 1.3కు బదులు 2 హద్దుగా చూడాలి. అల్ట్రాసౌండ్‌లో రాసే గ్రేడ్ 1, 2, 3 కొవ్వు ఎంతుందో చెప్పేవే, మచ్చలను చెప్పవు. గ్రేడ్ 1 ఉన్నవాళ్లలో గట్టిపడటం ఉండొచ్చు, గ్రేడ్ 3లో లేకపోవచ్చు.

మీ కాలేయంలో కొవ్వు ఎందుకు చేరిందో అంకెలే చెబుతున్నాయి. ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎంఐ 29 దగ్గర ఉంది. భారతీయులకు 25 దాటితేనే స్థూలకాయం. మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, అంటే 35 అంగుళాలకు కాస్త పైన, హద్దు. మీది 40. హెచ్‌బీఏ1సీ 6.1 అంటే షుగర్ గడప దగ్గర నిలబడి ఉంది. ఎస్‌జీపీటీ ఎస్‌జీఓటీ కంటే ఎక్కువగా ఉండటం కూడా ఈ రకం ఫ్యాటీ లివర్‌లో మామూలే. మద్యం వల్లే దెబ్బతిన్న కాలేయంలో సాధారణంగా ఎస్‌జీఓటీ రెట్టింపు ఉంటుంది.

అలాగని మద్యం పాత్ర లేదని కాదు. 60 మి.లీ. విస్కీ పెగ్గులో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మీరు వారానికి 120 గ్రాములు తీసుకుంటున్నారు, అదీ రెండే రోజుల్లో. పెగ్గు మానేసి బీరుకు మారతామనేవాళ్లకో సంగతి: 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు ఒక్కటి, ఆల్కహాల్ లెక్కలో, దాదాపు రెండు పెగ్గులతో సమానం. దాంతోపాటు తినే వేయించిన మంచింగ్ లెక్క వేరే. అధిక బరువు, షుగర్, మద్యం కలిస్తే నష్టం ఒకదానికొకటి తోడై పెరుగుతుంది. ఎంతవరకు తాగొచ్చని అడగకండి, మానేయండి.

చేయించాల్సిన పరీక్షలు ఇంకొన్ని ఉన్నాయి: హెపటైటిస్ బి కోసం హెచ్‌బీఎస్‌ఏజీ, హెపటైటిస్ సి కోసం యాంటీ హెచ్‌సీవీ, కొలెస్ట్రాల్ కోసం లిపిడ్ ప్రొఫైల్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, కిడ్నీల కోసం క్రియాటినిన్. ఫ్యాటీ లివర్ కళ్లముందే ఉంది కదా అని వైరస్ పరీక్షలు వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. హెపటైటిస్ సి చాలామందికి 12 వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ మందులు ఉచితం. బి లేదని తేలితే 0, 1, 6 నెలల్లో మూడు డోసుల టీకా వేయించుకోండి.

టానిక్ గురించి అడిగారు. లివర్ టానిక్‌లు కొవ్వును కరిగిస్తాయనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు. కొన్నింటిలో పంచదార కూడా ఉంటుంది. పని చేసే మందు బరువు తగ్గడమే. బరువులో 5 శాతం, మీకైతే 4 కిలోలు, తగ్గితే కొవ్వు తగ్గడం మొదలవుతుంది. 7 శాతం, అంటే 6 కిలోల దాకా తగ్గితే వాపు దిగుతుంది. 10 శాతం తగ్గినవాళ్లలో మచ్చలు కూడా వెనక్కి వెళ్లే అవకాశం ఉంది. వారానికి అర కిలో చాలు, కిలో దాటొద్దు. కడుపు మాడ్చుకుని ఒక్కసారిగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు రావచ్చు, కాలేయంలో వాపు పెరగొచ్చు.

మొదలుపెట్టాల్సింది టీ దగ్గర. కప్పుకు రెండు చెంచాల పంచదార వేస్తే నాలుగు టీలకు 40 గ్రాములు, నెలకు కిలోంబావు! దాన్ని సున్నా చేయండి. 300 మి.లీ. కూల్‌డ్రింక్‌లో 30 గ్రాములకు పైనే ఉంటుంది. పండ్ల రసం వద్దు, పండు తినండి. మధ్యాహ్నం అన్నం ఒక కప్పుకు తగ్గించి, పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు పెట్టుకోండి, మిగతాది గట్టి పప్పు, గుడ్డు, చేప లేదా తోలు తీసిన చికెన్. జొన్నరొట్టె మంచిదే కానీ, మంచిదని నాలుగు తింటే అన్నం మానేసిన లాభం ఉండదు. నూనె ఇంట్లో మనిషికి నెలకు అరలీటరు మించకూడదు. వారానికి అయిదు రోజులు, రోజుకు 30 నిమిషాలు మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో నడవండి. రెండు రోజులు బరువులెత్తే వ్యాయామం కలపండి. పంచదార లేని కాఫీ రెండు కప్పులు తాగినా ఇబ్బంది లేదు, కాలేయానికి మేలే.

కొలెస్ట్రాల్ మాత్ర ఆపడం తప్పు. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లకు ఎక్కువగా ముప్పు తెచ్చేది గుండెజబ్బు, ఆ మాత్ర దాన్నుంచే కాపాడుతుంది. ఎంజైములు గరిష్ఠ హద్దుకు మూడు రెట్లు దాటితే తప్ప సాధారణంగా ఆపరు, మీవి ఆ దరిదాపుల్లో లేవు. రాసిచ్చిన డాక్టరుతో మాట్లాడి మళ్లీ మొదలుపెట్టండి.

పసరు మందు వద్దు. కామెర్లకు పసరుతో తగ్గిందనే పేరు ఎలా వచ్చిందంటే, హెపటైటిస్ ఎ, ఇ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకు దక్కుతుంది. అందులో ఏ ఆకు ఎంత ఉందో ఎవరికీ తెలియదు. ఇమ్యూనిటీ కోసమని తిప్పతీగ కషాయం నెలల తరబడి తాగినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటీవలి ఏళ్లలో నమోదయ్యాయి. ఒంటినొప్పులకో జ్వరానికో పారాసెటమాల్ వేసుకోవాల్సి వస్తే 650 మి.గ్రా. మాత్ర రోజుకు మూడుకు మించకుండా, రెండు మూడు రోజులకు పరిమితం చేయండి. మద్యంతో కలిపి మాత్రం అస్సలు వద్దు.

మూడు నెలల తర్వాత బరువు, నడుము కొలత, ఎస్‌జీపీటీ, హెచ్‌బీఏ1సీ చూసుకోండి. ఎస్‌జీపీటీ 30 దగ్గరికి దిగితే దారి సరిగ్గా ఉన్నట్టు. ల్యాబు కాగితంలో 40, 50 వరకు మామూలని ముద్రించినా, మగవాళ్లకు 30 నుంచి 33 దాటితే కొంచెం ఎక్కువ కిందే లెక్క. ఫిబ్-4 ఏడాదికోసారి వేసుకోండి. స్కాన్ ఏడాది తర్వాత చాలు. ఈలోగా కళ్లు పచ్చబడినా, పొట్ట లేదా కాళ్లు ఉబ్బినా, తారులా నల్లటి విరేచనం, రక్తపు వాంతి, పగటిపూట మత్తు, మాట తడబాటు కనిపించినా, ప్రయత్నించకుండానే బరువు తగ్గుతున్నా, జ్వరంతో కుడి డొక్క నొప్పి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.